లాంచీ ఎక్కిన తాటిదోనె

మా ఆయన తన తాటిదోనెని పొగ లాంచీ మీద ఎక్కించుకుని వెళ్ళిన రోజు గురించి నరసాపురం రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. అందుకే నోటికొచ్చినట్టు చెబుతారు. దోనె లాంచీ మీంచి జారి గోదాట్లో పడిందని ఒకడంటాడు. లాంచీ నడిపే సరంగు తాగి ఉన్నాడని ఇంకొకడంటాడు. విని విని నాకు ఒళ్ళు మండి ఇది రాయడానికి కూర్చున్నాను. దొరసాని గారి దగ్గర లేసు అల్లిక నేర్చుకున్న రోజుల్లో నాకు నాలుగక్షరాలు అబ్బాయి. అల్లిక చేతికి అలవాటైపోయింది గానీ అక్షరాలు మాత్రం ఇప్పటికీ కూడబలుక్కోవాలి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేము గోదావరిలో వల వేసుకుని బతికేవాళ్ళం. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన, మా అత్త. పుట్టింటి వైపు నాకు మిగిలింది ఒక్క చెల్లెలు. అమ్మ పోయేనాటికి దానికి ఇంకా నడక సరిగ్గా రాలేదు. నేనే చంకనేసుకు తిరిగాను, నేనే తల దువ్వాను, తిట్టినా కొట్టినా నేనే. నాకున్నంత నోరు దానికి లేదు. దాన్ని సిద్ధాంతం అనే ఊరికి దిగువన, ఏటి మధ్య ఉన్న ఒక చిన్న లంకలో మాలాంటివాళ్ళ ఇంటికే ఇచ్చాం. పెళ్ళైన మరుసటేడే దాని మొగుడు కాకినాడలో ఓడెక్కి, బియ్యం మిల్లులో కూలికని రంగూను పోయాడు. పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. లంకలో అదీ, దాని అత్తా మిగిలారు. ఆవిడ్ని మా అత్తతో కలిపేయకుండా ఇక్కడ లంకత్త అని రాస్తాను.

రాజమండ్రిలో రైలు వంతెన కట్టిన కొన్నేళ్ళకి వచ్చిన వరద అది. మా దగ్గర చినుకు లేదు. ఎండ మాడు పగలగొడుతోంది. వాన ఎక్కడో ఎగువన, మేమెప్పుడూ చూడని కొండల్లో కురిసింది. నీళ్ళు మాత్రం మా గుమ్మాల ముందు నుంచి ఎర్రగా పోతున్నాయి. మానులు కొట్టుకొచ్చాయి, గడ్డివాము కొట్టుకొచ్చింది, ఒక పాక కప్పు మీద కోడి కూర్చుని అలాగే సముద్రంలోకి పోయింది. దాన్ని చూసి పిల్లలు నవ్వారు. నేను మాత్రం ఆ కప్పు ఎవరిదో అనుకున్నాను.

సాయంత్రం ఎగువ నుంచి పడవలో దిగినాయన ఒకడు రేవులో మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"సిద్ధాంతం కింద చిన్న లంక సగానికి మునిగిందమ్మా. ఆ చుట్టుపక్కల పడవలన్నీ పెద్ద లంకల జనాన్ని దింపడానికి పోయినాయి. మీ చెల్లెలూ వాళ్ళత్తా పాక దగ్గర దిబ్బ మీద నుంచున్నారు. అటేపు ఎవరూ పోలేదు. దిబ్బ ఇంకో రోజు ఆగుద్దేమో, ఆగదేమో చెప్పలేం."

మా ఆయన వల కింద పెట్టి, ఏటి వైపు చూశాడు.

"తెడ్డేసుకుని ఎదురు పోతే మూడు రోజులు పడద్ది. అప్పటికి అక్కడేవీ ఉండదు" అన్నాడు.

మనిషికి మాటలు తక్కువ. అన్న మాట మాత్రం అబద్ధం కాదు.

అప్పుడే ఎవరో చెప్పారు, ధాన్యం షావుకారు గారి పొగ లాంచీ తెల్లవారగానే ఎగువకి పోతోందని. ఆ లంకకి ఎదురుగా గట్టు మీద షావుకారు గారి బస్తాలు ఉండిపోయాయట. గట్టు తెగేలోపు వాటిని దించుకురావాలి. మా ఆయన నన్ను వెంటబెట్టుకుపోయి లాంచీ సరంగు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. సరంగు రాజమండ్రి మనిషి, పెద్ద వయసు, ముఖం ఎప్పుడూ చిరాగ్గా పెట్టుకుని ఉంటాడు.

"మీ ఇద్దర్నీ ఎక్కించుకుంటాను. దోనె ఎందుకయ్యా నా ప్రాణానికి?" అన్నాడు.

"లాంచీ గట్టు దాకానే వెళ్ళుద్ది కదండీ. గట్టుకీ లంకకీ మధ్య పాయలో రెల్లు దుబ్బులుంటాయి, మావాళ్ళు పాతిన వలకర్రలుంటాయి. లాంచీ అడుగు తగిలిందంటే ఇంక కదలదు. దోనైతే వాటి మీద నుంచి పోద్దండి."

సరంగు ఆలోచించి, సరే తెల్లారగట్ల తీసుకురా అన్నాడు. ఆ మాటకి నేను ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

తాటిదోనె సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ముదురు తాటిమాను మొదలు తీసుకుని, లోపలి మెత్తని భాగమంతా తొలిచేస్తే దోనె అవుతుంది. పైన నల్లటి చేవ, ఇనుములా ఉంటుంది. లోపలి వైపు మాత్రం పీచు. అది ఎండకి తట్టుకోదు. అందుకే వాడనప్పుడు మేము దోనెని ఒడ్డున పెట్టం, కాలవలో ముంచి ఉంచుతాం. ఒక పూట ఎండినా పీచు బిగుసుకుని మాను విచ్చుకుంటుంది. మళ్ళీ రాత్రంతా నీళ్ళలో నానబెడితే ఆ పగులు దానంతటదే మూసుకుంటుంది. ఇది మా ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలుసు.

తెల్లవారుతూనే నలుగురు మగాళ్ళు కలిసి దోనెని లాంచీ రేకు కప్పు మీదకి ఎత్తారు. లాంచీ చిన్నది. దోనె దానికంటే కాస్తే పొట్టి. పొగగొట్టం పక్కనే పడింది దాని చోటు, ఇంకెక్కడా పట్టలేదు. మా ఆయన కొబ్బరితాళ్ళతో కట్టడం మొదలుపెట్టాడు. సరంగు కిందనుంచి చూసి, "అలా కాదు, బోర్లించి కట్టు. గొట్టంలోంచి నిప్పులు పడతాయి, ఎండ కూడా లోపలికే కొడుతుంది. బోర్లిస్తే చేవ పైకొస్తుంది, ఏమీ కాదు" అన్నాడు.

అప్పుడు మా అత్త నోరు తెరిచింది. మమ్మల్ని సాగనంపడానికి రేవులోకి వచ్చిందావిడ.

"దోనె బోర్లించడానికి వీల్లేదు."

మాలో ఒక పద్ధతి ఉంది. దోనె మనిషి చచ్చిపోతే అతని దోనెని నీళ్ళలోంచి పైకి తీసి, గుమ్మం ముందు బోర్లిస్తారు. పదకొండో రోజు దాకా అది అలాగే ఉంటుంది. వీధిలో బోర్లించిన దోనె కనబడితే ఆ ఇంట్లో మగదిక్కు పోయిందని లెక్క. బతికున్నవాడి దోనె ఎవరూ బోర్లించరు. తారు రాయాలన్నా పక్కకి ఒరిగించి రాస్తారు. మా మామ దోనె అలా గుమ్మం ముందు పదకొండు రోజులు చూసిన మనిషి మా అత్త. ఆవిడ భయం నాకు తెలియక కాదు.

కానీ నా చెల్లెలు నీళ్ళ మధ్య నుంచుని ఉంది. నా నోరు ఊరుకోలేదు.

"అత్తా, ఎండకి దోనె విచ్చుకుంటే ఎలా దాటతాడు నీ కొడుకు? బోర్లిస్తే శకునం, పగిలితే శకునం కాదా?"

"నీ చెల్లెలి కోసం నా కొడుకుని పంపుతున్నాను. పంపనని అన్లేదు. ఈ ఒక్క మాటా వినండి."

సరంగు తల కొట్టుకున్నాడు. మా ఆయన దోనెని ఎలా ఉన్నదాన్ని అలాగే, నోరు పైకి పెట్టి కట్టేశాడు. లోపల నాలుగు కుండల నీళ్ళు పోశాడు. లాంచీ కదిలేసరికి ఆ నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుని కప్పు ఒక పక్కకి వాలింది. సరంగు కేకలేసి ఆ నీళ్ళు పారబోయించాడు. వరదలో పైబరువు ఉంటే లాంచీ తిరగబడుతుందన్నాడు. అది కూడా నిజమే. ఆ రోజు అందరూ నిజమే చెప్పారు.

నీళ్ళకి బదులు మా ఆయన గోనెసంచులు తడిపి దోనెలో పరిచాడు. లాంచీ గట్టు వారగా, ప్రవాహం తక్కువున్న చోటు చూసుకుంటూ ముక్కుతూ మూలుగుతూ పోతోంది. చింతకట్టెల పొగ మా కళ్ళలోకే వస్తోంది. ఆయన చేదకి తాడు కట్టి ఏట్లోకి వదలడం, నీళ్ళు తోడి పైకెక్కి సంచుల మీద పోయడం, దిగడం. నేను కింద నుంచి చేద అందిస్తూ వచ్చాను. ఎండ నడినెత్తికొచ్చేసరికి, పోసిన నీళ్ళు పోసినట్టే ఆవిరైపోతున్నాయి. గొట్టం పక్కన రేకు మీద చెయ్యి పెట్టలేం. ఒకసారి నిప్పురవ్వ పడి సంచి అంటుకుంది. దాన్ని లాగి ఏట్లో పారేశాడు. ఇంకోటీ అంటుకుంది. అదీ పారేశాడు. ఆ తర్వాత పరచడానికి సంచుల్లేవు. బస్తాలకని తెచ్చిన కొత్త సంచులు సరంగు ఇవ్వనన్నాడు, షావుకారు గారికి లెక్క చెప్పుకోవాలట.

నేను మా ఆయన పక్కకి చేరి నెమ్మదిగా అన్నాను.

"మావా, ఇప్పుడైనా బోర్లించు. మీ అమ్మ చూడదు."

ఆయన నన్ను వింతగా చూశాడు.

"అమ్మ చూడకపోతే? అది బోర్లించినట్టు కాదా?"

అప్పుడు అర్థమైంది నాకు. తల్లి మాట కాదనలేక ఊరుకున్నాడని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను. భయం ఆయనలోనే ఉంది. గోదావరి నడి వరదలో ఒంటరిగా దోనె వేసుకుపోవడానికి జంకని మనిషి, కట్టిన దోనెని తిప్పడానికి జంకాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన్ని నాలుగు అందామనుకున్నాను. ఆ రెక్కల మీదే నా చెల్లెలి ప్రాణం ఉంది, ఏమని అంటాను. నోరు మూసుకుని నా పైటకొంగు చింపి తడిపి ఇచ్చాను, దోనె మీద వెయ్యమని.

పొద్దు వాలుతుండగా పైనుంచి ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేమీ కాదు. ఎండిన మట్ట విరిగినట్టు ఉంది. మా ఆయన పైకెక్కి దోనె అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

లాంచీ గట్టు చేరేసరికి ఇంకా వెలుతురుంది. లంక కనిపించింది. లంక అంటే ఏముంది, పాక కప్పు, దాని పక్కన దిబ్బ, దిబ్బ మీద రెండు బొమ్మలు. చుట్టూ రెల్లు కొసలు నీళ్ళ పైన ఊగుతున్నాయి. నేను గట్టు మీద నుంచుని చెల్లెల్ని పేరు పెట్టి పిలిచాను. అది చెయ్యెత్తింది. "అక్కా" అంది. గాలి మా వైపే ఉంది కాబట్టి ఆ ఒక్క మాటా చక్కగా వినపడింది. బతికుంది. ఇంక ఏం కావాలి అనుకున్నాను.

దోనెని కిందకి దించి నీళ్ళలో పెట్టారు. పెట్టీ పెట్టగానే అడుగు నుంచి నీళ్ళు ఊరాయి. పగులు మధ్యలో మొదలై ముందు కొస దాకా సన్నగా పోయింది. గట్టు మీద చేరిన రైతుల్లో ఒకాయన అన్నాడు, "రేత్రంతా ముంచి ఉంచండి, పొద్దున్నకి మూసుకుంటది."

"పొద్దున్నకి ఆ దిబ్బ ఉంటదా అండి?" అని అడిగాడు మా ఆయన.

ఆ పెద్దమనిషి నీళ్ళ వైపు చూశాడు. మేము వచ్చినప్పుడు గట్టు వార పాతి ఉన్న జానెడు గుర్తుకర్ర అడుగున ఉన్న నీళ్ళు అప్పటికే కర్ర మెడ దాకా ఎక్కాయి.

నేనిచ్చిన పైటకొంగునే పీలికలు చేసి పగుల్లో కూరాం. దాని మీద గట్టు బంకమట్టి మెత్తాం. సరంగు లాంచీలోంచి ఇంత తారు ముద్ద తెచ్చి, తనే కూర్చుని వేలితో అద్దాడు. మనిషి చిరాకు మనిషే గానీ రాయి కాదు. మంచి దోనె అయితే ఆయన కాక ఇద్దరు కూర్చోవచ్చు. ఒక్క విడతలో వాళ్ళిద్దరూ ఇటు వచ్చేసేవారు. ఇప్పుడు నీళ్ళు పైకొస్తున్నాయి కాబట్టి బరువు తగ్గాలి. ఒక్కొక్కరినే తేవాలి, ఎక్కినవాళ్ళు దారంతా నీళ్ళు తోడుతూ ఉండాలి.

"రెండుసార్లు పోయి రావాలి. రెండోది ఎలా ఉంటదో" అన్నాడు మా ఆయన. నాతో కాదు, దోనెతో అన్నట్టు అన్నాడు. తెడ్డేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన పాయకి అడ్డంగా పోలేదు. ముందు గట్టు వారగా ఎగువకి పోయి, అక్కణ్ణుంచి ప్రవాహానికి వదిలి, ఏటవాలుగా దిబ్బకి చేర్చాడు. దోనె దిబ్బకి తగలడం చూశాను. ఇద్దరు ఆడవాళ్ళూ కిందకి దిగడం చూశాను. రెల్లు అడ్డం వచ్చి ఆ తర్వాత కనబడలేదు. మళ్ళీ దోనె బయటికి వచ్చేసరికి అందులో ఒక మనిషి కూర్చుని ఉంది, తల మీద ముసుగు, వంగి వంగి నీళ్ళు తోడుతోంది. వచ్చేస్తోంది నా తల్లి అనుకున్నాను. నడుం లోతు నీళ్ళలోకి దిగి ఎదురెళ్ళాను. దోనె దగ్గరికి వచ్చాక ముసుగు తొలిగింది. తెల్లజుట్టు.

లంకత్త.

ఆవిడ్ని నేనే చెయ్యి పట్టుకుని దింపాను. ఆ చేతిని ఏం చేద్దామనిపించిందో రాయను. తెలుస్తూనే ఉంటుంది చదివేవాళ్ళకి. మా ఇళ్ళల్లో అత్త కూర్చోనిదే కోడలు కూర్చోదు. అత్త తిననిదే తినదు. బండెక్కినా, పడవెక్కినా, గుళ్ళో కాలు పెట్టినా అత్త ముందు, కోడలు వెనక. ఇంత నోరున్నదాన్ని నేనూ అలాగే చేశాను. ఇంక అది చెయ్యదా.

"దాన్ని ముందు తీసుకురాలేకపోయావా?" అన్నాను మా ఆయనతో.

"ఎవరెక్కితే వాళ్ళని తెచ్చాను. అక్కడ మాట్లాడుకునేంత తీరికెక్కడుంది" అన్నాడు. దోనెలో నీళ్ళు పారబోసి, పగుల్లోంచి జారిన పీలికని బొటనవేలితో లోపలికి నొక్కి, నా మొహం చూడకుండా దోనెని మళ్ళీ లంక వైపు తిప్పేశాడు.

పాయ మధ్యకి వెళ్ళేసరికి దోనె రెండుగా విడిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. నిలువునా చీలిన ఒక చెక్క అటు పక్కకి, ఇంకో చెక్క ఇటు పక్కకి, మధ్యలో ఆయన తల. తెడ్డు ఒకటి మాత్రం తేలుతూ చాలా దూరం పోయింది. ప్రవాహం ఆయన్ని దిగువకి లాక్కుపోయింది. సరంగు ఒక్క క్షణం ఆలోచించలేదు. సగం ఎక్కించిన బస్తాలతోనే తాడు కోసి లాంచీ వదిలాడు. దిగువన మునిగిన తుమ్మచెట్టు కొమ్మలో మా ఆయన చిక్కుకుని ఉన్నాడు. ముళ్ళకి ఒళ్ళంతా చీరుకుపోయింది. లాంచీ మీదకి లాగేశారు. అక్కణ్ణుంచి సరంగు లాంచీని లంక వైపు పోనిచ్చాడు కూడా. ఎవరూ చెప్పకుండానే పోనిచ్చాడు. రెల్లులోకి రాగానే అడుగున వలకర్రలు బరికాయి, లాంచీ కదలనని మొరాయించింది. వెనక్కి తీసుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఆ కర్రలు పాతింది మావాళ్ళే. ఈలోగా చీకటి పడిపోయింది.

ఆ రాత్రి సంగతి రాయను. గట్టు మీద కూర్చుని పిలిచాను. అది పలికింది. తర్వాత పలకలేదు.

పొద్దున్నకి పాక లేదు, దిబ్బ లేదు. పెద్ద లంకల నుంచి తిరిగొచ్చిన పడవలవాళ్ళు రెండు రోజులు వెతికారు. చెల్లెలు దొరకలేదు. గోదావరి చాలామందిని తిరిగిచ్చింది ఆ ఏడు, ఎక్కడెక్కడో ఇసుక మేటల మీద. దాన్ని మాత్రం ఇవ్వలేదు.

షావుకారు గారి బస్తాలతో నిండిన లాంచీలోనే నరసాపురం తిరిగొచ్చాం. లంకత్త బస్తాల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆవిడకి మేము తప్ప ఎవరూ లేరు, వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అలా వచ్చి మా ఇంట్లో పడింది.

రేవులో మా అత్త ఎదురొచ్చి కొడుకుని కావిలించుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోనే అంది, "బోర్లించకుండా పంపాను గనక నా బిడ్డ తిరిగొచ్చాడు." చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆవిడ అదే మాట చెప్పింది, విన్నవాళ్ళకీ విననివాళ్ళకీ. బోర్లించి ఉంటే దోనె పగిలేది కాదు, ఇద్దరూ ఒక్క విడతలో వచ్చేవాళ్ళు, నా చెల్లెలు ఉండేది అని నేను గొంతు చించుకోవచ్చు. నా దగ్గర మాటలకి కొదవ లేదు. కానీ ఒళ్ళంతా ముళ్ళ గాట్లతో నా మొగుడు నా ఎదురుగా బతికి ఉన్నాడు. అది కాదని ఎలా అనను? అత్త మాట వినబడినప్పుడల్లా లేచి పెరట్లోకి పోయేదాన్ని.

మా ఆయన మళ్ళీ దోనె తొలిపించుకోలేదు. పరాయి పడవల మీద కూలికి పోయాడు. లంకత్త కొడుక్కి, రంగూను పోయేవాళ్ళతో కబురు పంపాం. అందిందో లేదో తెలియదు, అతను రాలేదు. లంకత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. మా అత్త పోయాక కూడా ఉంది. పని చేసేది, వలలు బాగుచేసేది, చేపలు ఎండబెట్టేది, ఇంత పెడితే ఇంత తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఆవిడ్ని నేను ఎప్పుడూ తిట్టలేదు. ఆవిడతో నవ్వుతూ మాట్లాడిన రోజు కూడా లేదు. అన్నం మాత్రం వేళకి పెట్టాను. ఎందుకు పెట్టానంటే, నా చెల్లెలు తన ప్రాణం పెట్టి ఆవిడ్ని పంపింది. నేను ముసల్దాన్ని, నేను తర్వాత వస్తాను అని ఆవిడ అని ఉంటుంది, కాదు అత్తా నువ్వే ముందు వెళ్ళు అని నా చెల్లెలు బతిమాలి ఎక్కించి ఉంటుంది. నా మనసులో అలా జరిగింది. వీధిలో అందరికీ అలాగే చెప్పాను. మహాతల్లి అన్నారు అందరూ దాన్ని. ఆ మాట వింటే నాకు కాస్త కడుపు చల్లగా ఉండేది. నేనలా చెబుతున్నప్పుడు లంకత్త పక్కనే ఉండేది. అవుననలేదు, కాదనలేదు.

చివరి ఏడు ఆవిడకి చూపు మందగించింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం పెడుతున్నాను. కంచంలో వేలు పెట్టి కలపకుండా కూర్చుంది.

"నువ్వు నన్నెప్పుడూ అడగలేదు" అంది.

"ఏం అడగాలి?"

"ఆ రోజు సంగతి. నేను దాన్ని ముందు ఎక్కమన్లేదమ్మా. అదీ నన్ను ఎక్కమన్లేదు. అదే ముందు దిగింది నీళ్ళలోకి. ఒక కాలు దోనెలో పెట్టింది. పెట్టి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. చూసి కాలు తీసేసి పక్కకి జరిగింది. వద్దు, నువ్వెళ్ళవే అని నేననాలి. నోరు రాలేదు. ఎక్కేశాను."

నేను చేతిలో గరిట పట్టుకుని అలాగే నుంచున్నాను. ఆవిడ అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ఇంకాస్త పులుసు పొయ్యమని కంచం జరిపింది. పోశాను.

మా ఆయన బయట అరుగు మీద కూర్చుని వల చూసుకుంటున్నాడు. వెళ్ళి ఎదురుగా నుంచున్నాను.

"అది దోనెలో కాలు పెట్టి తీసేయడం నువ్వు చూశావా?"

ఆయన చేతిలో దారం ఆపలేదు.

"చూశాను."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వావిడకి అన్నం పెట్టేదానివి కాదు" అన్నాడు.

పెట్టేదాన్ని కాదు. ఆ మాట నిజం. మర్నాడు పొద్దున్న ఆవిడ కంచం కడిగి చద్దన్నం వడ్డించడానికి నాకు చాలాసేపు పట్టింది.